నిలబడ్డ బండి, నీరసించిన బ్యాటరీ

మన కాలేజీ సైకిల్ స్టాండును ఈనాటికీ సైకిల్ స్టాండనే పిలుస్తున్నాం గాని, అందులో సైకిలన్నది వెతికితే గాని కనిపించదు. ఉన్నవన్నీ మోటారు సైకిళ్ళే. పరీక్షలు ముగిసి హాస్టళ్ళు ఖాళీ అయ్యే రోజున ఒక్కసారి అటు వెళ్ళి చూడండి. దూరపు ఊళ్ళ వాళ్ళు బస్సుకో రైలుకో పోతారు. వాళ్ళ బళ్ళు మాత్రం అక్కడే, రేకుల కింద, తాళాలు వేసుకుని నిలబడి ఉంటాయి. మే నెల ఎండంతా ఆ రేకుల మీదే కాస్తుంది. మళ్ళీ కాలేజీ తెరిచిన మొదటి వారంలో ఆ స్టాండులో వినిపించే సంగీతం మనందరికీ పరిచయమే! బటన్ నొక్కితే ‘టిక్, టిక్’ మనే చప్పుడు, తర్వాత ఇద్దరు స్నేహితులు వెనక నుంచి తోస్తూ పెట్టే కేకలు, ఆ తర్వాత గేటు బయట మెకానిక్ చెప్పే తీర్పు: “బ్యాటరీ పోయింది బాబూ, కొత్తది వెయ్యాల్సిందే.”

సావనీరుకి ఏదైనా వ్రాయమంటే అందరూ యువతరం కర్తవ్యం గురించో, నేటి విద్యావిధానం గురించో వ్రాస్తారు, వీడేమిటి పోయి పోయి మోటారు సైకిలు బ్యాటరీ మీద పడ్డాడు అని మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి. కాని విద్యావిధానం గురించి నేను చెప్పదలచుకున్నదీ ఈ బ్యాటరీలోనే ఉన్నది. కాస్త ఓపిక పట్టండి.

నా అభిప్రాయం ఇది. జూన్ నెలలో మనం పారేసే బ్యాటరీల్లో చాలా భాగం పని చేసి చేసి అరిగిపోయినవి కావు, నిలబెట్టి ఆకలికి మాడ్చినవి. ఎద్దును రెండు నెలలు పని లేదని గాటన కట్టేసి మేత మానేస్తామా? పని లేని రోజుల్లో కూడా గడ్డి వేస్తాం, కుడితి పెడతాం. బ్యాటరీ అంతే. బండి ఆగినా దానికి మేత ఆగకూడదు. ఇది తెలుసుకోవడానికి మెకానిక్కు దాకా పోనక్కర్లేదు. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం రసాయన శాస్త్రం పుస్తకంలోనే ఉన్నది, మనం దాన్ని మార్కుల కోసం చదివి అక్కడే వదిలేశాం.

ఏమి చదివాం? సీసపు సంచాయక ఘటం. ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే 1859 లో కనిపెట్టాడు. ఒక పలక సీసం, మరొక పలక సీసపు డయాక్సైడు, మధ్యలో సజల సల్ఫ్యూరికామ్లం. కరెంటు వాడుకుంటుంటే రెండు పలకల మీదా సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది, ఆమ్లం పలచబడి నీరవుతుంది. తిరిగి కరెంటు ఎక్కిస్తే సల్ఫేటు పోయి పలకలు యథాస్థితికి వస్తాయి. రెండు పలకల మీదా ఒకే సల్ఫేటు వస్తుందన్న సిద్ధాంతాన్ని 1882 లో గ్లాడ్‌స్టన్, ట్రైబ్ అనే ఇద్దరు చెప్పారు. ఇంతవరకూ అందరికీ కంఠస్థమే, సమీకరణంతో సహా.

అయితే ఆ సమీకరణానికి రెండు వైపులా ఉన్న బాణం ఎంత కాలం పని చేస్తుంది? ఈ ప్రశ్న ఏ పరీక్షా పత్రంలోనూ నాకు కనబడలేదు. అప్పుడే ఏర్పడిన సల్ఫేటు మెత్తగా, సన్నని రవ్వలాగా ఉంటుంది. వెంటనే ఛార్జి ఎక్కిస్తే హాయిగా కరిగి వెనక్కి వెళ్ళిపోతుంది. అలాగే వారాలూ నెలలూ వదిలేస్తే చిన్న స్ఫటికాలు కరిగి పెద్ద స్ఫటికాల మీద పేరుకుంటాయి. వర్షాకాలంలో కొట్టంలో పెట్టిన యూరియా బస్తా సంగతి రైతు బిడ్డలకు చెప్పక్కర్లేదు. గుళికలు గుళికలుగా ఉన్నది కాస్తా చివరికి సుత్తితో కొడితే గాని పగలని గడ్డ అవుతుంది. యూరియా గడ్డకట్టేది తేమ వల్ల, ఇది వేరు కారణం వల్ల, కాని చూపుకు రెండూ ఒకటే. గడ్డకట్టిన సల్ఫేటులోకి కరెంటు చొరబడదు. ఆ మేరకు పలక చచ్చినట్టే లెక్క. దీన్నే సల్ఫేషన్ అంటారు. గేటు బయటి మెకానిక్ “పోయింది బాబూ” అనేది దీన్నే. ఆయన మాట అబద్ధం కాదు. ఎందుకు పోయిందో మాత్రం ఆయన చెప్పడు, మనం అడగం.

ఈ నిల్వ గొడవ అసలు చలి దేశాల వాళ్ళది. మా పెద్దమ్మ కొడుకు కెనడాలో ఉంటాడు. అక్కడ నవంబరు వచ్చిందంటే మంచు, ఉప్పు చల్లిన రోడ్లు. మోటారు సైకిలును షెడ్డులో పెట్టి గుడ్డ కప్పేసి మళ్ళీ ఏప్రిల్‌లో తీస్తారట. ఆ అయిదు నెలలూ బ్యాటరీని ఊరికే వదలరు. ఊడదీసి ఇంట్లో పెట్టుకుని నెలకొకసారి ఛార్జి పెడతారు, లేదా చిన్న ట్రికిల్ ఛార్జరు తగిలించి ఉంచుతారు. అక్కడ వాళ్ళకు ఇంకో భయం కూడా ఉన్నది. నిండు బ్యాటరీలోని ఆమ్లం సున్నాకు 60 డిగ్రీలు దిగువకు పోయినా గడ్డకట్టదు. అదే పూర్తిగా దిగిపోయిన బ్యాటరీలో ఉన్నది దాదాపు నీరే కాబట్టి సున్నాకు 10 డిగ్రీలు దిగువనే మంచుగడ్డ అవుతుంది. అయిందంటే డబ్బా పగిలి ఊరుకుంటుంది. అందుకని వాళ్ళు జాగ్రత్త పడక తప్పదు.

“మాకా భయం లేదులే, మా దగ్గర చలెక్కడిది?” అని ఒకసారి ఫోన్లో మా నాన్న అన్నాడు. అక్కడే ఉన్నది చిక్కు. చలి బ్యాటరీ బలాన్ని తగ్గిస్తుంది గాని నిల్వ ఉన్న బ్యాటరీకి ఒక విధంగా మేలే చేస్తుంది. ఏ తీగా తగిలించకపోయినా బ్యాటరీ లోలోపల తనంతట తాను కొంత ఛార్జి పోగొట్టుకుంటూనే ఉంటుంది. ఈ స్వయం ఉత్సర్గం చలిలో మందగిస్తుంది, వేడిలో పుంజుకుంటుంది. పది డిగ్రీలు పెరిగితే ఇంచుమించు రెండింతలవుతుందని మోటు లెక్క. మాది పల్నాడు. రెంటచింతల ఎండ గురించి వేసవి వచ్చిందంటే పత్రికల్లో చదువుతూనే ఉంటారు. అటువంటి ఎండలో, రేకుల కింద, మేలో నిలబడ్డ బండికి కెనడా చలికాలం నయం! వాళ్ళకు నిల్వ కాలం చలికాలమైతే మనకు ఎండాకాలం. వాళ్ళు ఆ కాలానికి పేరు పెట్టుకుని ఏర్పాట్లు చేసుకున్నారు. మనం సెలవులన్నాం, తాళం వేసి వెళ్ళిపోయాం.

లెక్క వేసి చూద్దాం, సైన్సు వాళ్ళం గనక. బటన్ స్టార్టు ఉన్న మామూలు బండికి 12 వోల్టుల, 5 ఆంపియర్ గంటల బ్యాటరీ ఉందనుకోండి. 25 డిగ్రీల దగ్గర సీలు చేసిన బ్యాటరీ నెలకు నూటికి 3 వంతులు పోగొట్టుకుంటుందనుకుంటే, మన వేసవిలో 6 అనుకోవచ్చు. రెండు నెలలకు 12. ఇది పెద్ద నష్టం కాదు. అసలు దొంగ వేరే ఉన్నాడు. తాళం తీసేసినా ఈనాటి బండిలో గడియారం తిరుగుతూనే ఉంటుంది, లోపలి ఎలక్ట్రానిక్ పెట్టె ఒక కన్ను తెరిచే నిద్రపోతుంది. దానికి ఒక్క మిల్లీ ఆంపియరే అనుకుందాం. రోజుకు 24 గంటలు, 60 రోజులు, వెరసి 1440 మిల్లీ ఆంపియర్ గంటలు. అంటే 5 లో దాదాపు ఒకటిన్నర, నూటికి 29 వంతులు. రెండూ కలిపితే నూటికి 41. పోనీ బండి నిండు బ్యాటరీతో సెలవుల్లోకి వెళ్ళిందా అంటే అదీ లేదు. హాస్టలు నుంచి కాంటీనుకు, కాంటీను నుంచి క్లాసుకు తిరిగే బండి బ్యాటరీ ఏనాడూ నిండదు. 70 వంతులుందనుకుంటే జూన్ నాటికి మిగిలేది 30 లోపు. దానితో స్టార్టరు తిరగదు. అది వారం వారం దిగజారిన ఆ రెండు నెలలూ సల్ఫేటు గడ్డకట్టడానికి కావలసినంత తీరిక దొరికింది.

పాత రోజుల్లో ఇది ఇంత పట్టింపు కాదు. బ్యాటరీ చచ్చినా కిక్కు కొడితే బండి లేచేది, హారనూ ఇండికేటర్లూ మాత్రం మూగబోయేవి. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 నిబంధనలు వచ్చాక బళ్ళన్నీ దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌లోకి మారాయి. పెట్రోలు పంపు తిరగాలన్నా కరెంటు కావాలి, ఇంజెక్టరు తెరుచుకోవాలన్నా కరెంటే కావాలి. కిక్కు రాడ్డు చాలా బళ్ళకు అసలే లేదు. బ్యాటరీ పూర్తిగా చస్తే తోసినా ఫలితం ఉండదు. బండి తెలివి పెరిగిన కొద్దీ బ్యాటరీ మీద ఆధారపడడమూ పెరిగింది.

ఇది జేబు ఖర్చుకు సంబంధించిన మాటే అయితే ఇంత దూరం వ్రాసేవాణ్ణి కాదు. మా ఊళ్ళో ప్రతి వీధిలోనూ అరుగు పక్కనో పశువుల కొట్టంలోనో ప్లాస్టిక్ పట్టా కప్పిన బండి ఒకటి కనిపిస్తుంది. కొడుకు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగం. వాడు కొనుక్కున్న బండి ఇక్కడ. సంక్రాంతికి వచ్చి నాలుగు రోజులు తిరిగి, కడిగి, పట్టా కప్పి పోతాడు. మళ్ళీ దసరాకు. తల్లిదండ్రులు రోజూ దాని మీద దుమ్ము తుడుస్తారు, నడపరు. మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉండే మామా వాళ్ళ ఇల్లూ అలాంటిదే. 2023 ఆగస్టులో ఒక రాత్రి కొట్టంలోకి వెళ్ళిన అత్తను పాము కరిచింది. అంబులెన్సుకు ఫోను చేసి, అది వచ్చేదాకా ఆగడం దేనికి, బండి మీద ఎదురు తీసుకుపోదామని పట్టా లాగారు. బటన్ నొక్కితే లైటు కూడా వెలగలేదు. నలుగురం కలిసి ఆ బురద వీధిలో చివరిదాకా తోశాం. లేవలేదు. పై వీధిలో ఆటో అతన్ని నిద్ర లేపి, ఆయన బండి తీసి వచ్చేసరికి అరగంట గడిచింది. అత్త బతికింది. ఇప్పుడు మళ్ళీ మిరపకోతలకు వస్తోంది. బతికింది గనకనే ఇంత నింపాదిగా వ్రాయగలుగుతున్నాను.

మర్నాడు మా నాన్న నా వంక చూసి, “ఏరా, సైన్సు చదువుతున్నావుగా, ఇదేందో చూడు” అన్నాడు. బ్యాటరీ ఊడదీసి మీటరు పెడితే 9 వోల్టులు కూడా లేవు. బండి కొని రెండేళ్ళు కాలేదు. మామ ఒకటే మాట పట్టుకున్నాడు: “నేను రోజూ అయిదు నిమిషాలు స్టార్టు చేసి ఆపేవాణ్ణే అబ్బాయ్! ఉగాది దాకా చేశా. తర్వాత అదే స్టార్టవలా.”

ఈ ‘రోజూ అయిదు నిమిషాలు’ అన్న సలహా మన రెండు రాష్ట్రాల్లోనూ వేదవాక్యంలాగా చెలామణి అవుతోంది. 2020 మార్చి 25 న లాక్‌డౌన్ మొదలైనప్పుడు కూడా బండి ఉన్న ప్రతివాడూ పక్కవాడికి ఇదే చెప్పాడు. దీన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. స్టార్టరు తిరిగే మూడు క్షణాలు బ్యాటరీ నుంచి ఏ 40 ఆంపియర్లో లాగుతుంది. అంటే 120 ఆంపియర్ సెకన్లు, గంటల్లోకి మారిస్తే 0.033 ఆంపియర్ గంటలు. ఒక్కసారికి ఇది గుక్కెడే. నెల రోజులకు పూర్తిగా ఒక ఆంపియర్ గంట, అంటే అయిదు చెంబుల కుండలో ఒక చెంబు. తిరిగి ఎంత పోశాం? నిలబెట్టి నడిపే ఇంజను అతి నెమ్మదిగా తిరుగుతుంది, ఆల్టర్నేటరు ఇచ్చేది అంతంత మాత్రం. దానిలో సింహభాగం హెడ్‌లైటు తింటుంది. 2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన బళ్ళలో పగలైనా రాత్రైనా ఇంజను తిరిగితే లైటు వెలుగుతూనే ఉంటుంది గదా! బ్యాటరీకి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. పైగా ఇంజను సరిగా వేడెక్కకుండానే ఆపేస్తే సైలెన్సరులో నీరు చేరి తుప్పు పడుతుంది. వారానికొకసారి బండి తీసి, ఊరు దాటి ఒక ముప్పావు గంట మంచి వేగంతో నడిపి రండి, అది ప్రయోజనం. అది కుదరకపోతే అసలు ముట్టుకోకుండా రుణధ్రువం తీగ విప్పేసి ఉంచడమే మేలు. అయిదు నిమిషాల తంతు కంటే ఏమీ చెయ్యకపోవడం నయమని నా గట్టి నమ్మకం.

పెద్దలు చెప్పే మాటలన్నీ కొట్టిపారేస్తున్నానని అనుకోవద్దు. బ్యాటరీని సిమెంటు గచ్చు మీద పెడితే ఛార్జి దిగిపోతుంది, చెక్క మీద పెట్టాలి అంటారు. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు ఇది వర్తించదు. కాని వెనకటి కాలంలో చెక్క పెట్టెల్లోనూ గట్టి రబ్బరు డబ్బాల్లోనూ బ్యాటరీలు చేసేవారు. పైన ఆమ్లం చెమ్మ, కింద తడి గచ్చు కలిసి కరెంటు కారిపోయేదన్న మాటలో అప్పట్లో సత్యం ఉన్నది. మాట మిగిలింది, డబ్బా మారింది, అంతే. అదే, “లెవెలు తగ్గింది, కాస్త యాసిడ్ పొయ్యి” అనే సలహా ఉన్నదే, అది ఏనాడూ సరైనది కాదు. మూతలున్న బ్యాటరీలో ఆవిరైపోయేది నీరు. ఆమ్లం ఎక్కడికీ పోదు. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పొయ్యాలి. బోరు నీళ్ళు అసలే పనికిరావు. మా పల్నాటి బోరు నీళ్ళు కాగబెట్టిన గిన్నెకు అడుగున తెల్లగా పొర కడతాయి, ఆ లవణాలన్నీ పలకల మీదికి పోతే ఇంకేమి మిగులుతుంది!

మరి చెయ్యవలసిందేమిటి? పెద్ద బ్రహ్మవిద్య కాదు. సెలవులకు పోయే ముందు బ్యాటరీని నిండా ఛార్జి చెయ్యాలి. అది మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనదీ అదే. దిగిన బ్యాటరీని ఎంత భద్రంగా దాచినా అది గడ్డకడుతూనే ఉంటుంది. తర్వాత సీటో పక్క మూతో తీసి ముందు రుణధ్రువాన్ని విప్పాలి, తర్వాత ధనధ్రువాన్ని. బిగించేటప్పుడు దీనికి తిరగేసి. ఈ వరస ఎందుకంటే బండి ఇనుమంతా రుణధ్రువానికి కలిసి ఉంటుంది. ముందుగా ధనధ్రువం విప్పుతుంటే పానా జారి ఫ్రేముకు తగిలిందా, నిప్పు రవ్వలే. విప్పిన బ్యాటరీని ఇంటికి తీసుకుపోయి నీడన, చల్లటి గదిలో పెట్టాలి. నెలకొకసారి మీటరు పెట్టి చూడాలి. ఛార్జి చేసిన వెంటనే చూస్తే మీటరు మురిపిస్తుంది, కొన్ని గంటలు ఆగి చూడాలి. 12.6 గాని, ఆపైన గాని ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 కి వచ్చిందంటే ముప్పావు కుండ, అక్కడే ఛార్జి పెట్టాలి. 12.2 అంటే సగం, 12 అంటే పావు. 12 దాకా రానిచ్చి ఇంకా పనిచేస్తున్నదిలే అనుకునేవాళ్ళే ఎక్కువ.

ఛార్జి చెయ్యడంలోనూ తొందర పనికిరాదు. కెపాసిటీలో పదో వంతు కరెంటు, అంటే 5 ఆంపియర్ గంటల దానికి అర ఆంపియరు, చాలు. మా టౌనులో కొన్ని షాపుల్లో ట్రాక్టరు బ్యాటరీల వరసలోనే ఈ చిన్న బ్యాటరీని కూడా కలిపి గంటలో ఛార్జి చేసి ఇస్తారు. వేడెక్కి పొట్ట ఉబ్బిన బ్యాటరీలను అక్కడ చూశాను. దాహం వేసిన పసివాడికి బిందె ఎత్తి నోట్లో పోసినట్టుంటుంది ఆ పద్ధతి. నిండగానే తనంతట తాను తగ్గిపోయే ఎలక్ట్రానిక్ ఛార్జర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి, అవి మంచివి. అయితే ఎప్పుడూ తగిలించి ఉంచే రకమైతే మన ఎండలకు ఒక సవరణ అవసరం. 25 డిగ్రీలకు 13.6 వోల్టుల దగ్గర ఉంచవలసిన బ్యాటరీని 45 డిగ్రీల వేడిలో ఇంచుమించు 13.2 దగ్గర ఉంచాలి. చలి దేశపు గదికి సరిచేసిన ఛార్జరును మన రేకుల షెడ్డులో అలాగే తగిలిస్తే బ్యాటరీ లోపలి నీరంతా ఆరిపోతుంది. అందుకే నా ఓటు నెలకొకసారి ఛార్జి పెట్టి తీసేసే పద్ధతికి. ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది గనక కిటికీ తెరిచి ఉంచాలి, దగ్గరలో బీడీ సిగరెట్టు కూడదు. లిథియం బ్యాటరీ ఉన్నవాళ్ళకు ఈ లెక్క వర్తించదు. దాన్ని నిండుగా నింపి దాచడం కన్నా సగం దగ్గర ఉంచడం మంచిది.

ఇప్పుడు చదువు సంగతికి వస్తాను. ఓమ్ నియమం, ఆంపియర్ గంటలు, విద్యుద్విశ్లేష్యం సాంద్రత, అన్నీ మన సిలబసులో ఉన్నవే. రెండు మార్కుల ప్రశ్నకూ ఎనిమిది మార్కుల ప్రశ్నకూ సమాధానం వ్రాయగలం. కాని మన క్లాసులో తన బండి బ్యాటరీ ఎక్కడుందో తెలిసినవాళ్ళు ఎందరు? హైడ్రోమీటరు ల్యాబు బీరువాలో భద్రంగానే ఉన్నది. దానితో ఉప్పు నీటి సాంద్రత చూస్తాం, రికార్డులో బొమ్మ వేస్తాం. మూతలున్న బ్యాటరీ ఒకటి తెచ్చి, నిండుగా ఉన్నప్పుడు 1.26, 1.28 మధ్య ఉన్న సాంద్రత దిగిపోయేసరికి 1.12 కి ఎలా పడుతుందో ఒక్కసారి కళ్ళతో చూస్తే ఆ సమీకరణం జన్మలో మరచిపోం. ఒక మిత్రుడితో ఈ మాట అంటే, “అవన్నీ ఐ.టి.ఐ. వాళ్ళ పనిరా, మనది ప్యూర్ సైన్సు” అన్నాడు. ఈ ‘ప్యూర్’ అన్న మాట మీదే నాకు కోపం. చేతికి మసి అంటకపోవడమే శుద్ధత అయితే దానికి సైన్సు చదవనక్కర్లేదు. మా నాన్న ఏడో తరగతి దాకానే చదివాడు. మోటారు మాడిపోతే ఏ ఫేజు పోయిందో వాసన చూసి చెబుతాడు. ఆయన దగ్గర లేనిది సమీకరణం, మన దగ్గర లేనిది వాసన. ఈ రెండూ ఒక మనిషిలో కలవకూడదని యూనివర్సిటీ ఆర్డినెన్సు ఏమైనా ఉన్నదా?

చచ్చిన బ్యాటరీ ఎక్కడికి పోతుందన్నది కూడా మన సబ్జెక్టే. దాని బరువులో సగానికి పైగా సీసమే. పాత బ్యాటరీలను వెనక్కి తీసుకుని సక్రమంగా కరిగించాలని మన దేశంలో 2001 లోనే నిబంధనలు వచ్చాయి, 2022 లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. షాపులో పాతది ఇస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు కూడా. కాని పల్లెల్లో అది పాత ఇనుప సామాను కొనేవాడి తట్టలోకి పోతుంది. అటు నుంచి ఏ ఊరి బయటో గొడ్డలితో డబ్బా పగలగొట్టి, ఆమ్లం నేల మీద పారబోసి, సీసాన్ని బాణలిలో కరిగించేవాళ్ళ దగ్గరికి చేరవచ్చు. ఆ పొగ పీల్చేది అక్కడ ఆడుకునే పిల్లలు. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉన్నా ఫరవాలేదు అని చెప్పదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. 2000 నాటికి దేశమంతటా పెట్రోలులోంచి సీసం తీసేశారు. బ్యాటరీలోంచి తియ్యలేం. అందుకని ఉన్న బ్యాటరీని నాలుగేళ్ళు బతికించడం ఒక్కటే మన చేతిలో ఉన్న మార్గం. రెండేళ్ళకొకటి చొప్పున చంపితే అంత సీసం రెండింతలు కరగాలి. ఖర్చు చూసినా చిన్న బ్యాటరీ వెయ్యి నుంచి పదిహేను వందల దాకా ఉంటుంది. మా ఊళ్ళో మిరపకోతకు వెళ్ళే ఆడమనిషికి అది మూడు నాలుగు రోజుల కూలి.

కాబట్టి విద్యార్థి సంఘం వారికి నాదొక ప్రతిపాదన. ఈ ఏడు వార్షికోత్సవంలో మైకుల ఖర్చు కాస్త తగ్గించుకుని ఎలక్ట్రానిక్ ఛార్జర్లు నాలుగు కొనండి. మంచి మీటరు ఒకటి. ఫిజిక్సు ల్యాబు పక్కన ఉన్న స్టోరు గది నీడగా ఉంటుంది, కిటికీలు రెండు ఉన్నాయి. సెలవులకు పోయేవాళ్ళు బ్యాటరీ విప్పి, చీటీ అంటించి, అక్కడ బల్ల మీద పెట్టి పోతారు. చీటీ మీద పేరు, బండి నంబరు, ఆ రోజు వోల్టేజి ఉండాలి. వేసవిలో ప్రాజెక్టు పని మీద ఇక్కడే ఉండిపోయే వాళ్ళు ప్రతి ఏడూ పది పన్నెండు మంది ఉంటారు. వంతులు వేసుకుని వారానికి రెండు సాయంత్రాలు వచ్చినా నెలకు అందరి బ్యాటరీలూ ఒకసారి తిరిగిపోతాయి. రిజిస్టరులో ప్రతి బ్యాటరీకి వోల్టేజి వ్రాసుకుంటూ పోతే రెండేళ్ళలో మన ఎండల్లో ఏ రకం ఎంత త్వరగా దిగుతుందో మన సొంత అంకెలు మన దగ్గర ఉంటాయి. ఎమ్మెస్సీ వాళ్ళకు ప్రాజెక్టుకు పనికొస్తాయి. చచ్చినవి వస్తే కుప్ప పోసి ఒకేసారి డీలరుకు అప్పజెప్పవచ్చు.

గది తాళం ఎవరి దగ్గరుండాలన్న దగ్గర మనవాళ్ళకు ఎప్పుడూ పేచీ వస్తుంది. స్టాండు వాచ్‌మన్ దగ్గర ఉంచండి, సంతకం చేసి తీసుకుంటాం. బల్లకు టేకు చెక్క మా ఇంట్లో పాత గుమ్మం తీసినది పడి ఉన్నది, లారీ మిర్చియార్డుకు వచ్చేటప్పుడు వేయించుకొస్తాను. ఛార్జర్లు మాత్రం పరీక్షలు మొదలయ్యేలోపు రావాలి, తర్వాత బళ్ళన్నీ రేకుల కిందికి చేరిపోతాయి.